సిమెంటు పూసేస్తే పోదా? విక్టోరియా పబ్లిక్ హాలు బాగుచేతలో దాగిన చిక్కులు

చెన్నై సెంట్రల్ స్టేషన్ నుంచి నాలుగడుగులు వేస్తే పెరియార్ ఈవీఆర్ సాలై మీద తెల్లగా రిపన్ బిల్డింగు, దాని పక్కనే ఎర్ర ఇటుకల విక్టోరియా పబ్లిక్ హాలు కనిపిస్తాయి. ఎర్ర హాలు గోపురం మీద కేరళ గుళ్లకు ఉండేలాంటి వాలు కప్పు ఉంటుంది. సింగార చెన్నై 2.0 పథకం కింద ఈ ఒక్క హాలును బాగుచేయడానికి గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ 32 కోట్ల రూపాయల పైచిలుకు పని చేపట్టింది. ఆ అంకె బయటికి వచ్చినప్పుడు నగరంలో వినిపించిన ప్రశ్నలు మూడు. అంత డబ్బుతో కొత్తదే కట్టొచ్చు కదా? ఎన్నేళ్లు చేస్తారు? పగుళ్లకు సిమెంటు కొట్టి రంగేస్తే పోదా?

మొదటి రెండింటికీ జవాబు మూడో ప్రశ్నలోనే ఉంది. అక్కడికి వెళ్లే ముందు ఈ హాలు ఎవరిదో, "వారసత్వ కట్టడం" అన్న మాటకు అర్థమేమిటో తేల్చుకోవాలి.

అర్ధరూపాయి గ్రౌండు మీద లేచిన హాలు

మద్రాసుకు ఒక టౌన్ హాలు కావాలన్న ఆలోచన 1882లో మొదలైంది. పీపుల్స్ పార్కు స్థలంలో 57 గ్రౌండ్లను 99 ఏళ్ల లీజుకు తీసుకున్నారు. చెన్నైలో గ్రౌండంటే 2,400 చదరపు అడుగులు. ఆ లెక్కన మొత్తం 1,36,800 చదరపు అడుగులు, అంటే 3.14 ఎకరాలు. కౌలు గ్రౌండుకు ఏడాదికి ఎనిమిది అణాలు, మొత్తానికి 28 రూపాయల ఎనిమిది అణాలు. ఈ రోజు ఆ డబ్బుకు సెంట్రల్ దగ్గర రెండు కాఫీలు కూడా రావు.

1883 డిసెంబర్ 17న శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు. నమూనా గీసింది రాబర్ట్ ఫెలోస్ చిషోమ్. మద్రాసు సెనేట్ హౌస్ కూడా ఆయనదే. కట్టింది తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. ఆ కాలపు మద్రాసులో ఎర్ర భవనాలకు ఆయన పెట్టింది పేరు, ఇంటిపేరు వింటేనే తెలుగువాడని తెలుస్తుంది. 1880ల చివరికి హాలు నిలబడింది. 1887లో జరిగిన విక్టోరియా రాణి స్వర్ణోత్సవం గుర్తుగా ఆ పేరు పెట్టారు.

లోపల కింద ఒక హాలు, పైన ఒక హాలు, ఒక్కోదానిలో సుమారు 600 మంది కూర్చోవచ్చు. తూర్పున చెక్క గ్యాలరీ ఉంది. 1897 ఫిబ్రవరి 9న వివేకానందుడు "నా కార్యప్రణాళిక" ఉపన్యాసం ఇచ్చింది ఇక్కడే. బళ్లారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యులు తన సరసవినోదినీ సభను మద్రాసుకు తెచ్చి ఆడిన తెలుగు నాటకాలు చూసే పమ్మల్ సంబంధ మొదలియార్ 1891లో సుగుణ విలాస సభ పెట్టారు. తమిళ ఔత్సాహిక నాటకరంగాన్ని నిలబెట్టిన ఆ సభ తర్వాత చాలా ఏళ్లు ఈ హాల్లోనే నడిచింది. తెలుగు సినిమాకు పితామహుడనే రఘుపతి వెంకయ్య తొలినాళ్లలో తన యంత్రంతో బొమ్మలు చూపించిన చోట్లలో కూడా ఇదొకటి. ఈ హాలును కేవలం దొరలు వదిలిపోయిన భవనం అనేవాళ్లకు ఈ పేర్లు చాలు.

ముద్ర పడితే రక్షణ దొరికినట్టేనా?

"హెరిటేజ్ బిల్డింగ్" అన్న ఒకే మాటతో జనం కనీసం మూడు వేర్వేరు సంగతులను కలిపేస్తుంటారు.

ఒకటి, కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం. 1958 నాటి చట్టం కింద వచ్చే వీటికి గట్టి కాపలా ఉంటుంది. 2010 సవరణ తర్వాత చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. రెండోది, రాష్ట్ర పురావస్తు శాఖ రక్షణ. తమిళనాడులో దీనికి 1966 నాటి చట్టం ఉంది. ఈ రెండు జాబితాల్లో గుళ్లు, కోటలు, తవ్వకాల చోట్లు ఎక్కువ, మౌంట్ రోడ్డు మీది పాత దుకాణాలు తక్కువ.

మూడోది, నగర స్థాయి జాబితా. చెన్నైలో జరిగే తగాదాలన్నీ దాదాపు దీని చుట్టూనే. ఇది పుట్టిన తీరు వింతగా ఉంటుంది. హోర్డింగుల కేసులో మద్రాసు హైకోర్టు వేసిన జస్టిస్ ఇ. పద్మనాభన్ కమిటీ, ఏయే భవనాల ముందు హోర్డింగులు పెట్టకూడదో తేలుస్తూ 400కు పైగా కట్టడాల పట్టిక ఇచ్చింది. ఆ పట్టికే తర్వాత మౌంట్ రోడ్డు భారత్ ఇన్సూరెన్స్ భవనానికి ఊపిరి పోసింది. 1897 నాటి ఆ కట్టడాన్ని 2006లో కూల్చడం మొదలుపెడితే వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ కోర్టుకెక్కింది. 2010లో హైకోర్టు కూల్చివేతను అడ్డుకుంది, వారసత్వ పరిరక్షణ కమిటీ వేసి జాబితాలోని కట్టడాల సంగతి దానికి అప్పజెప్పమంది.

కానీ కూల్చొద్దనడం వేరు, కాపాడమనడం వేరు. కోర్టు తీర్పు గునపాన్ని ఆపుతుంది, వానను ఆపదు. ఆ భవనమే దానికి సాక్షి. కూల్చివేత ఆగాక కూడా ఏళ్ల తరబడి సగం కప్పుతో, గోడల్లో చెట్లతో నిలబడింది. తమిళనాడు వారసత్వ కమిషన్ చట్టం శాసనసభలో 2012లోనే వచ్చినా, అమలుకు పదేళ్లకు పైగా పట్టింది. ఈలోపు వానాకాలాలు మాత్రం ఏటా టైముకే వచ్చాయి.

చాలా నగరాల్లో జాబితాకెక్కిన భవనాలకు తరగతులు కూడా ఉంటాయి. పై తరగతి అయితే లోపలా బయటా ముట్టుకోకూడదు, మధ్య తరగతి అయితే లోపల అవసరమైన మార్పులు చేసుకోవచ్చు, కింది తరగతి అయితే వీధి వైపు రూపం చెడకుండా చూస్తే చాలు. ఇంటి ముఖం అలాగే ఉంచి వెనక కొత్తది కట్టుకోవడం సబబా కాదా అన్న ప్రశ్నకు జవాబు ఆ ఇంటి తరగతిని బట్టి మారుతుంది.

నాలుగు మాటలు, నాలుగు వేర్వేరు పనులు

పత్రికల్లో అన్నింటికీ "పునరుద్ధరణ" అనే రాస్తారు. పని చేసేవాళ్లకు మాత్రం తేడా ముఖ్యం. పరిరక్షణ అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం: కారే కప్పు ఆపడం, ఊడే ఇటుక బిగించడం. పునరుద్ధరణ అంటే తర్వాత వచ్చిన చేర్పులు తీసేసి ఒక పాత రూపానికి తేవడం. పునర్నిర్మాణం అంటే పోయినదాన్ని మళ్లీ కట్టడం. పునర్వినియోగం అంటే కట్టడం ఉంచి పని మార్చడం, ఉదాహరణకు గోదామును లైబ్రరీ చేయడం.

చిక్కు రెండో మాటతో వస్తుంది. ఏ పాత రూపానికి? 1890 నాటి హాలుకు 1930లో ఒక మెట్ల వరస, 1960లో ఒక టికెట్ గది చేరాయనుకుందాం. మొదటి రూపమే అసలైనదని ఒక వర్గం వాదిస్తుంది. ఆ మెట్ల మీద నడిచిన మనుషులూ చరిత్రలో భాగమే, పీకేస్తే ఒక అధ్యాయం చింపినట్టేనని మరో వర్గం వాదిస్తుంది. సాధారణంగా చేర్పు కట్టడానికి హాని చేస్తుంటే తీస్తారు, చేయకపోతే ఉంచుతారు. టికెట్ గది గోడ వాననీటి దారికి అడ్డమైతే పోతుంది, మెట్లు గట్టిగా ఉంటే ఉంటాయి.

గోడకు ఊపిరి: సున్నం ఎందుకు, సిమెంటు ఎందుకు వద్దు

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. మన దేశంలో సిమెంటు తయారీకి తొలి ప్రయత్నం జరిగింది 1904లో, అదీ మద్రాసులోనే. అంటే అంతకు ముందటి కట్టడాల గోడల్లో ఉన్నది సున్నం, ఇసుక, ఇటుక పొడి. మనవాళ్లు గానుగ సున్నం, డంగు సున్నం అనేది దాన్నే. మేస్త్రీలు కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్లు కూడా కలిపేవాళ్లు.

సున్నం గుణం అర్థం కావాలంటే చిన్న లెక్క చాలు. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు సుమారు 900 డిగ్రీల దాకా కాలిస్తే 44 కిలోల బొగ్గుపులుసు వాయువు పోయి 56 కిలోల పొడి సున్నం మిగులుతుంది. దానికి 18 కిలోల నీళ్లు పడితే బుసబుస పొంగి విరిగి 74 కిలోల తడి సున్నం అవుతుంది. గోడకు పూశాక అది గాలిలోంచి అదే 44 కిలోల వాయువును మెల్లగా పీల్చుకుని, 18 కిలోల నీటిని వదిలి, మళ్లీ 100 కిలోల రాయి అవుతుంది. ఈ పీల్చుకోవడం పైనుంచి లోపలికి రోజులు, నెలలు సాగుతుంది. అందుకే సున్నపు పూత మందంగా ఒకేసారి వేస్తే పైన పెచ్చు కట్టి లోపల మెత్తగానే ఉండిపోతుంది. ఒక్కో పొర 12 మిల్లీమీటర్లు దాటకూడదనేది ఇందుకే.

ఇప్పుడు గోడ సంగతి. పాత కట్టడాల పునాదిలో చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని నీరు ఇటుకల గుండా మోకాలి ఎత్తో నడుం ఎత్తో పైకి పాకుతుంది. గోడకు సున్నపు పూత ఉంటే ఆ నీరు దాని రంధ్రాల గుండా ఆవిరై బయటికి పోతుంది. అదే గోడకు సిమెంటు పూస్తే దారి మూసుకుపోతుంది. నీరు మరింత పైకి, పూత ఆగిన చోటు దాకా పాకుతుంది. సముద్రపు ఊళ్లో ఆ నీటిలో ఉప్పు కూడా ఉంటుంది. పూత వెనక నీరు ఆరిన ప్రతిసారీ ఉప్పు స్ఫటికాలు కట్టి ఇటుక రంధ్రాలను లోపలినుంచి చీలుస్తాయి. తడవడం, ఆరడం, మళ్లీ తడవడం.

సిమెంటు పూసిన కొన్నేళ్లకు అలాంటి గోడ దగ్గర నిలబడి చూడండి. పూత నున్నగా, గట్టిగానే ఉంటుంది. దాని పై అంచున తెల్లగా చవుడు పట్టి ఉంటుంది. వేలి కణుపుతో తట్టి చూస్తే డొల్ల మోత. ఒక పెచ్చు లాగితే అరచేతి వెడల్పున ఊడి వస్తుంది, దాని వీపున అతుక్కుని ఇటుక ముఖం కూడా వస్తుంది. లోపల గోరుతో గీరితే ఎర్రటి పొడి రాలుతుంది. బాగుచేశామనుకున్న గోడ అలా లోపలే తినిపోతుంది.

బలం విషయంలోనూ ఇదే తిరకాసు. కొత్త కట్టడంలో గట్టి సిమెంటు మంచిదే. పాత ఇటుక మెత్తనిది. ఇటుకకూ ఇటుకకూ మధ్య ఉండే సందుల్లో, అంటే దర్జుల్లో, ఇటుక కంటే గట్టి సిమెంటు నింపితే, ఎండకు వ్యాకోచించినప్పుడు పగిలేది ఇటుక. సున్నపు దర్జు ఇటుక కంటే మెత్తన, కాబట్టి ముందు అరిగేది అదే. అరిగిన దర్జు గీకి మళ్లీ నింపుకోవచ్చు, పగిలిన ఇటుకను మార్చాల్సిందే.

దర్జులు తీయడంలో జరిగే పెద్ద తప్పు గ్రైండర్. పని త్వరగా అవుతుంది గానీ ఇటుకల అంచులు కోసుకుపోయి 6 మిల్లీమీటర్ల దర్జు 15 మిల్లీమీటర్లవుతుంది, గోడ మొహమే మారిపోతుంది. ఉలి, చిన్న సుత్తితో దర్జు వెడల్పుకు కనీసం రెండింతల లోతు తీయాలి. దుమ్ము కడగాలి, తడిపి ఉంచాలి, పొరలుగా నింపాలి, వారం పది రోజులు తడి గోనెపట్టాలు కప్పాలి. ఇసుకను ఒత్తిడితో చిమ్మి ఎర్ర ఇటుకను శుభ్రం చేయడం ఇంకా ఘోరం. కాల్చినప్పుడు ఇటుకకు ఏర్పడిన గట్టి పైచర్మం లేచిపోతుంది, ఆ తర్వాత అది వాన నీటిని స్పాంజిలా పీల్చుకుంటుంది.

ఒక గోడ, రెండు లెక్కలు

10 మీటర్ల పొడవు, 4 మీటర్ల ఎత్తున్న గోడ తీసుకుందాం. 40 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల పూతకు తడి మసాలా 0.8 ఘనపు మీటరు కావాలి. పొడిగా కొలిస్తే సుమారు 1.3 రెట్లు, అంటే 1.04 ఘనపు మీటర్లు. సున్నం ఒక పాలు, ఇటుక పొడి ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు అనుకుంటే సున్నం 0.26, ఇటుక పొడి 0.26, ఇసుక 0.52. సరుకు ఖరీదు చూస్తే కళ్లు తిరిగే తేడా ఏమీ ఉండదు.

తేడా వచ్చేది కాలంలో. సిమెంటు అయితే పూతకు రెండు మూడు రోజులు, నీళ్లు కొట్టడానికి వారం, మొత్తం పది రోజులు. సున్నం అయితే విరిచిన సున్నం కనీసం రెండు వారాలు నానాలి. 12 మిల్లీమీటర్ల మొదటి పొర వేసి పది రోజులు ఆగాలి, 8 మిల్లీమీటర్ల రెండో పొర తర్వాత మళ్లీ ఆగాలి. పైన మద్రాసు పూత కావాలంటే, గుల్ల సున్నం పలచగా పూసి పాలరాయిలా మెరిసేదాకా నున్నటి రాయితో రుద్దే పని విడిగా ఉంటుంది. ఆ గోడకు రెండు నెలలు సులువుగా పడతాయి. ఈ పని చేతికి వచ్చిన మేస్త్రీలు నగరంలో చాలా తక్కువ, చాలామంది చెట్టినాడు వైపు నుంచి రావాలి. కోట్ల అంకెలో పెద్ద భాగం ఇలాంటి కాలానికి, చేతికి పోతుంది.

సిమెంటు వైపు మాట్లాడే ఇంజనీర్లను తేలిగ్గా తీసేయలేం. వందల మంది ఎక్కే గ్యాలరీకి, భూకంప నిబంధనలకు, లిఫ్టుకు పాత సున్నం ఒక్కటే చాలదని, భద్రత దగ్గర రాజీ పడకూడదని వాళ్ల వాదన. అందుకే చాలాచోట్ల మధ్యేమార్గం కనిపిస్తుంది. గోడ పగుళ్లలోకి పలచని సున్నపు ద్రవం ఎక్కించడం, తుప్పు పట్టని స్టీలు కడ్డీలతో గోడలు కుట్టడం, కొత్త బరువును పాత గోడ మీద కాకుండా విడిగా నిలిపిన స్టీలు చట్రం మీద వేయడం. ఈ చివరి పద్ధతికి ఒక మంచి గుణం ఉంది: రేపు ఇంతకంటే మంచి దారి దొరికితే విప్పేయొచ్చు.

కప్పు, ఇనుము, కలప: చావు మొదలయ్యే చోట్లు

నగరంలోని పాత మిద్దెలకు మద్రాసు టెర్రస్ అనే కప్పు ఉంటుంది. టేకు దూలాల మీద సన్నని చిన్న ఇటుకలను నిలువుగా, మూలవాటంగా సున్నంలో పేరుస్తారు. దానిపైన ఇటుక జల్లి, సున్నం కలిపి దిమ్మిసలతో రోజుల తరబడి కొడతారు, ఆపైన పెంకులు పరుస్తారు. కారడం మొదలైందని దీని మీద కాంక్రీటు పోస్తారు చూడండి, అక్కడ మొదలవుతుంది ముప్పు. కప్పు మీద టన్నుల బరువు పెరుగుతుంది, కారేది ఆగదు, పైగా ఎక్కడ కారుతోందో కనపడదు.

టేకు దూలం మధ్యలో పుచ్చడం అరుదు. పుచ్చేది గోడలో దిగిన కొనల దగ్గర, చెమ్మ నిలిచే చోట. కింద నుంచి చూస్తే దూలం నిగనిగలాడుతుంటుంది, స్క్రూడ్రైవర్ మొన గోడ పక్కన గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగుతుంది. అలాంటప్పుడు మొత్తం దూలం పీకరు. పుచ్చిన కొనను వాలుగా కోసి అదే జాతి కలపతో అతుకు వేస్తారు, కొన చుట్టూ గాలి ఆడే సందు వదులుతారు. గోడలో దిగిన ఇనుప గర్డరుదీ ఇదే బాధ. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఆ ఉబ్బుకు పక్క ఇటుకలు, రాళ్లు చీలుతాయి.

అందుకే పనికి ముందు కొలతకే నెలలు పోతాయి. ప్రతి గోడనూ లేజరుతో కొలిచి బొమ్మ గీస్తారు, ప్రతి పగులుకూ నంబరిస్తారు. పగులు మీద అడ్డంగా ఒక గాజు పలక అతికించి తేదీ రాస్తారు. ఆరు నెలలకీ గాజు చెక్కుచెదరకపోతే పగులు పాతదే, నింపేయొచ్చు. గాజు విరిగితే గోడ ఇంకా కదులుతోందన్నమాట, ముందు పునాది చూడాలి. కింద మెట్రో సొరంగాలు, పక్కన ఎడతెగని వాహనాలు ఉన్న చోట ఈ గాజు పలకను నమ్మకుండా పగులు నింపడం వృథా ఖర్చు.

ఎవరు వాడాలి, ఎవరు భరించాలి

బాగుచేసిన హాలును ఏం చేయాలన్నది ఇంకో తగాదా. మ్యూజియం చేస్తే అరుగుదల తక్కువ, టికెట్ డబ్బు వస్తుంది, గొడవ ఉండదు. నాటకాలు, సభలకు ఇస్తే కట్టిన ఉద్దేశం నెరవేరుతుంది, కానీ స్పీకర్లు, ఏసీలు, మేకులు, లైట్ల వేడి మోయాలి. తాళం వేసిన కట్టడమే త్వరగా పాడవుతుందన్నది ఈ పనిలో ఉన్నవాళ్ల అనుభవం. కారే చోటు ముందు కనిపించేది రోజూ తలుపు తీసే మనిషికే కదా. కాబట్టి రోజువారీ వాడకం వైపే మొగ్గు ఎక్కువ, ఏసీ గొట్టాలు పాత గోడను తొలవకుండా వేయగలిగితే.

ప్రభుత్వ భవనానికి ఖజానా ఉంది. ప్రైవేటు ఇంటికి? మైలాపూరులోనో జార్జ్ టౌన్‌లోనో పాత ఇల్లున్న కుటుంబం గోడు ఇది: నగరం ముచ్చట కోసం నా ఆస్తిని ఎందుకు కట్టేస్తారు? దీనికి ముంబయి వంటి చోట్ల వాడిన ఉపాయం అభివృద్ధి హక్కుల బదిలీ. ఊహాలెక్క వేద్దాం. స్థలం 4,000 చదరపు అడుగులు, అక్కడ అనుమతించే ఎఫ్‌ఎస్‌ఐ, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క, 2 అయితే 8,000 అడుగులు కట్టుకోవచ్చు. పాత ఇల్లు 3,500 అడుగులే ఉంది. మిగిలిన 4,500 అడుగుల హక్కును పత్రంగా ఇస్తే, యజమాని దాన్ని మరోచోట కట్టే బిల్డరుకు అమ్ముకుని ఆ డబ్బుతో ఇల్లు బాగుచేసుకోవచ్చు. చూడ్డానికి సొగసైన లెక్క. కాకపోతే ఆ పత్రానికి కొనేవాడు ఉండాలి. బిల్డరుకు అదనపు అడుగులు ప్రభుత్వం దగ్గరే చవగ్గా దొరికితే ఈ పత్రం ఎవరూ కొనరు. ఆ డబ్బు ఇంటి మరమ్మతుకే పోతుందన్న హామీ ఏదని పరిరక్షణ వైపువాళ్లు కూడా అడుగుతారు.

ప్రారంభోత్సవం తర్వాతి అక్టోబరు

కోట్ల పని అయ్యాక వచ్చే ఖర్చు చిన్నది, టెండర్లలో ఎక్కువగా మరిచిపోయేదీ అదే. ఈశాన్య రుతుపవనం అక్టోబరులో దిగేలోపు కప్పు ఎక్కి తూముల్లో ఆకులు తీయాలి, పెంకుల సందులు చూడాలి. పిట్టగోడ మీద పావురం రెట్టలో మొలిచిన రావి మొక్కను రెండాకుల దశలో వేరుతో సహా పీకేయాలి, అది ఒక మనిషికి ఐదు నిమిషాల పని. పైన కోసేసి వేరు వదిలేస్తే మళ్లీ చిగురిస్తుంది. ఐదేళ్లు వదిలితే వేరు దర్జుల గుండా గోడ మధ్యకు దిగుతుంది, అప్పుడు దాన్ని తీయాలంటే ఆ మేర గోడ విప్పి, ఇటుకలకు నంబర్లు వేసి, మళ్లీ గానుగ సున్నంతో పేర్చుకు రావాలి.